ఆదివారం గుడి నిండా జనం, బయటికొస్తే పలకరించే మనిషి లేడు. విశ్వాసంలో ఓదార్పు ఎలా దొరుకుతుంది?

కొత్తగా_బెజవాడ:

అందరికీ వందనాలు. ఉద్యోగం మీద విజయవాడ వచ్చాను, పటమటలో లేడీస్ హాస్టల్‌లో ఉంటున్నాను. మాది గుంటూరు దగ్గర పల్లె. ఇంట్లో ప్రభువును నమ్ముకుంది నేనొక్కదాన్నే. బాప్తిస్మం తీసుకున్నాక పెళ్లిళ్లకీ పేరంటాలకీ పిలుపులు ఆగిపోయాయి. ఇక్కడ గుడికి వెళ్తే రెండో ఆరాధనకు వందల మంది వస్తారు, ఆశీర్వాదం అయ్యీ అవగానే ఎవరి బండి వాళ్లు తీస్తారు. రాత్రి మోకరిస్తే మాట రాదు. "దేవుడున్నాడుగా, ఇంక ఒంటరితనమేంటి" అని ఒకరన్నారు. ఇది నా అవిశ్వాసమేనా? ఏం చదవాలి, ఎలా ప్రార్థించాలి, సంఘంలో ఎలా కలవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "ప్రార్థిస్తాం సిస్టర్" అని చేతులు జోడించిన బొమ్మ పెట్టి వెళ్లిపోకండి, దయచేసి.

బ్రాడీపేట_ఉపదేశి:

వందనాలమ్మా. ముందు "ఇది నా అవిశ్వాసమేనా" అన్న ప్రశ్న తేల్చేద్దాం. అవిశ్వాసం కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసుప్రభువే ముగ్గురు శిష్యుల్ని పక్కకు తీసుకెళ్లి, నాతో కూడా మెలకువగా ఉండండి అని అడిగాడు. తండ్రితో మాట్లాడబోతూ కూడా పక్కన మనుషులు కావాలనుకున్నాడు. వాళ్లు నిద్రపోతే, ఒక్క గంటైనా మేలుకోలేరా అని బాధపడ్డాడు కూడా. గుడ్ ఫ్రైడే ఏడు మాటల్లో నాలుగోది ఏంటి? "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." అది ఇరవై రెండో కీర్తన మొదటి వచనం. సిలువ మీద ఆయన నోట వచ్చిన మాట నీ నోట వస్తే తప్పెలా అవుతుంది?

మాట రావడం లేదన్నావు. మాట వెతుక్కునే పని నీది కాదు, కీర్తనల్లో సిద్ధంగా ఉంది. పదమూడో కీర్తన తియ్యి. మొత్తం ఆరు వచనాలే. మొదటి రెండిట్లో ఫిర్యాదు: ఎన్నాళ్లు, ఇంకెన్నాళ్లు అని దావీదు నాలుగు సార్లు అడుగుతాడు. తర్వాతి రెండిట్లో మనవి. చివరి రెండిట్లో నమ్మకం. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఇదే వరసలో నీ సొంత మాటలు రాసుకో. ఫిర్యాదు నాలుగు వాక్యాలు, మనవి రెండు, నమ్మకం ఒకటి. పది నిమిషాల పని. ఫిర్యాదు రాసేటప్పుడు "నాకు బాధగా ఉంది" అని పైపైన రాస్తే లాభం లేదు. "చెల్లెలి ఓణీల ఫంక్షన్ ఫొటోలు స్టేటస్‌లో చూసి తెలుసుకున్నాను" అన్నట్టు, జరిగింది జరిగినట్టు రాయాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫిర్యాదు దాటేసి నేరుగా స్తుతికి దూకుతారు. మన కూడికల్లో అలవాటే అది, "ముందు స్తుతించండి, అన్నీ సర్దుకుంటాయి" అంటారు. మింగేసిన బాధ ఎక్కడికీ పోదు, రెండు రోజులయ్యాక ప్రార్థన మీదే విసుగై బయటికొస్తుంది. చివరి నమ్మకం వాక్యం రాయబుద్ధి కాని రోజు వదిలెయ్యి. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది, ఓదార్పు వచనమే లేదు. అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు.

ఇంకొన్ని కీర్తనల నంబర్లు చెప్తాను. స్నేహితులే ముఖం తిప్పుకుంటే 31, 55. ఇంట్లోవాళ్లు దూరం పెడితే 27, అందులో పదో వచనం. "నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును." ఒకప్పుడు అందరితో కలిసి ఆరాధనకు వెళ్లిన రోజులు గుర్తొచ్చి గుండె పిండేస్తే 42. నన్ను ఎరిగినవాడు ఒక్కడూ లేడనిపిస్తే 142, అది గుహలో చేసిన ప్రార్థనని పైనే రాసి ఉంటుంది. నిద్రపట్టని రాత్రికి 102: ఇంటి మీద ఒంటిగా ఉన్న పిచ్చుకలా ఉన్నాను అంటాడు. రోజుకొక్కటి చాలు, బయటికి వినబడేలా చదువు. హాస్టల్ గదిలో ఇబ్బందైతే డాబా మీదికి వెళ్లు.

కొత్త సంవత్సరానికి గుడిలో ఇచ్చే వాగ్దాన కార్డులో వచ్చిన ఒక్క వచనం పట్టుకుని ఏడాదంతా నెట్టుకురావద్దు. కార్డు తప్పని కాదు, దానికి ముందూ వెనకా ఏముందో చూడాలి. "ఏకాంగులను సంసారులనుగా చేయువాడు" అన్న 68వ కీర్తన మాటను పెళ్లి వాగ్దానంగా పంచేస్తుంటారు. ఆ వచనం చుట్టూ ఉన్నది తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు, బంధింపబడినవాళ్లు. ఒంటరివాళ్లను ఇంటివాళ్లను చేసేది దేవుడని దాని భావం. ఆ ఇల్లు సంఘం కావాలి. కావడం లేదు కనకే నువ్వు ఇక్కడ అడుగుతున్నావు.

కృష్ణలంక_అమ్మగారు:

ఉపదేశి గారు చదువు సంగతి చెప్పారు, నేను గుడి సంగతి చెప్తాను. తల్లీ, నువ్వు వెళ్తున్నది రెండో ఆరాధన. అదే చిక్కు. పెద్ద గుళ్లలో రెండో ఆరాధనకు జనం ఎక్కువ, బండ్లు ఎక్కువ, ఇంటి దగ్గర పొయ్యి మీద పెట్టి వచ్చిన కూర కంగారు ఎక్కువ. పొద్దున్నే జరిగే మొదటి ఆరాధనకు మారు. జనం తక్కువ, వచ్చేవాళ్లు ప్రతివారం వాళ్లే, చాలావరకు పెద్దవాళ్లు. కొత్త మొహం ఇట్టే తెలిసిపోతుంది. ఎప్పుడూ ఒకే చోట కూర్చో, ముందు నుంచి మూడు నాలుగు వరసల్లో. తలుపు పక్క కుర్చీ వద్దు, అక్కడ కూర్చున్నవాళ్లు తొందరగా వెళ్లిపోవాలనుకుంటున్నారని అందరూ అనుకుంటారు. పది నిమిషాలు ముందు రా, అయ్యాక పదిహేను నిమిషాలు ఉండు. నాలుగు వారాలు ఇలా చేశాక ఒకసారి రాకపోతే "పోయిన వారం కనబడలేదే" అని అడిగే మనిషి ఒకరు తయారవుతారు.

ఊరికే నిలబడితే ఎవరూ మాట్లాడరు, చేతిలో పనుంటే మాట్లాడతారు. పాటల పుస్తకాలు పంచడం, కుర్చీలు మడతపెట్టడం, సండే స్కూలు పిల్లల హాజరు, ప్రేమవిందు రోజు గ్లాసులు కడగడం. అడగాల్సింది పాస్టర్ అయ్యగారిని కాదు, ఆ పని చేస్తున్న మనిషిని. "ఆంటీ, ఈ గ్లాసులు నేను కడగనా?" అంటే కాదనేవాళ్లుండరు. క్వయర్, అంటే పాటల బృందంలో మాత్రం మొదటి ప్రయత్నం చెయ్యొద్దు. అక్కడ ఎవరి పక్కన ఎవరు నిలబడాలనేది ఎప్పటినుంచో ఖాయమై ఉంటుంది, కొత్తవాళ్లు నొచ్చుకునేది ఎక్కువగా అక్కడే.

ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం ముందు ఒక జాగ్రత్త. చాలా సంఘాల్లో మొదటి ఆదివారం బల్ల ఇస్తారు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ గుళ్లలో కన్ఫర్మేషన్ (విశ్వాసం తామే ఒప్పుకుని సభ్యులయ్యే ఆరాధన) అయినవాళ్లకి, బాప్టిస్టు సంఘాల్లో ముంచి బాప్తిస్మం పొందినవాళ్లకి, క్యాథలిక్ పూజలో మామూలుగా క్యాథలిక్కులకే. ఇది తెలియక వరసలో వెళ్లి, అడిగితే తడబడి, అందరి ముందూ వెనక్కి వచ్చినవాళ్లు మళ్లీ ఆ గుడి గుమ్మం ఎక్కరు. ముందు వారమే పాస్టర్ గారికి నీ బాప్తిస్మం సంగతి చెప్పి అడుగు. బాప్తిస్మం ఇచ్చిన సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకుని సభ్యత్వం రాయించుకో. రిజిస్టర్‌లో పేరుంటే గృహదర్శనాల జాబితాలో పేరుంటుంది, జబ్బు చేస్తే వచ్చేవాళ్లుంటారు. లేకపోతే ఎన్నేళ్లు వచ్చినా చుట్టపుచూపే.

హాస్టల్ గేటు తొమ్మిదికి వేసేస్తారు కాబట్టి సాయంత్రం కూడికలు కుదరవని మానేస్తావేమో. స్త్రీల సమాజం చాలాచోట్ల పగలే జరుగుతుంది, నీకు సెలవు ఉన్న రోజు చూసుకో. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ రోజుల్లో కాటేజీ ప్రార్థనలు ఇంటింటికీ తిరుగుతాయి. కొత్తవాళ్లు సంఘంలో కలవడానికి వాటిని మించినవి లేవు, ఎందుకంటే చాపల మీద పక్కపక్కన కూర్చుని టీ తాగకుండా ఎవరూ వెళ్లరు. డిసెంబరులో అయితే పండగకు ముందే చేసే సెమీ క్రిస్మస్ ఏర్పాట్లకు ఎప్పుడూ మనుషులు చాలరు.

గుణదల_మెట్లు:

క్యాథలిక్ మాట ఒకటి. సొంత మాట రాని రోజు జపమాల చాలా ఆసరా. ప్రతి పది పూసల గుత్తికీ ఒక పరలోక జపం, మరియమాతకు పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. అలాంటివి ఐదు. నిదానంగా చెప్పినా ఇరవై నిమిషాలు. మంగళ, శుక్రవారాల్లో దుఃఖ రహస్యాలు, అంటే యేసు శ్రమల్లోని ఐదు ఘట్టాలు ధ్యానిస్తాం, అందులో మొదటిదే ఉపదేశి గారు చెప్పిన గెత్సేమనే. ఐదూ చెయ్యలేకపోతే ఆ ఒక్కటీ చెప్పుకుని ఆపు.

గుణదల మాత కొండకు ఎవరైనా రావచ్చు, ఏ సంఘమని ఎవరూ అడగరు. కాకపోతే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో, తిరునాళ్లప్పుడు రాకు. అందరూ కుటుంబాలతో, పిల్లల తలనీలాలతో, పొట్లాలతో వస్తారు, ఒక్కదానివే వస్తే ఆ జనంలో ఒంటరితనం రెట్టింపవుతుంది. మామూలు రోజు పొద్దున ఎండ ఎక్కకముందు మెట్లెక్కి పైన అరగంట కూర్చో. కొవ్వొత్తి వెలిగించడమా మానడమా నీ ఇష్టం.

చుట్టుగుంట_సూటిమాట:

అందరూ మర్యాదగా దాటేస్తున్న సంగతి నేను చెప్తా. "మీ ఇంటిపేరేంటమ్మా? ఏ ఊరు? ఊళ్లో ఏ వైపు?" అని గుడి మెట్ల మీద అడుగుతారే, అది పలకరింపు కాదు, కులం లెక్క. జవాబును బట్టి కొన్ని గుళ్లలో మాట పెరుగుతుంది, కొన్నిట్లో ఆగిపోతుంది. ఇది సిస్టర్ లోపమన్నట్టు "ముందు వరసలో కూర్చో, గ్లాసులు కడుగు" అంటే ఎలా?

యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదవండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి నిలబడు లేకపోతే నా పాదపీఠం దగ్గర కూర్చో అనడం. మొదటి శతాబ్దంలోనే ఉంది ఈ రోగం. కొరింథులో ప్రభువు బల్ల దగ్గర ఉన్నవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లు ఆకలితో మిగిలితే పౌలు ఎంత కోప్పడ్డాడో మొదటి కొరింథీ పదకొండులో ఉంది. ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు. కాబట్టి సిస్టర్, మూడు నెలలు మనస్ఫూర్తిగా ప్రయత్నించాక కూడా ఇంటిపేరు దగ్గరే తలుపు మూసుకుంటుంటే ఆ గుడి మారడం విశ్వాసం వదలడం కాదు.

కృష్ణలంక_అమ్మగారు:

సూటిమాట గారూ, ఒప్పుకుంటాను, ఉంది. గ్లాసులు కడగమన్నది తన లోపమని కాదు, తలుపు తట్టే చోటు చూపించానంతే. కానీ మారేముందు ఒక్క పని. జరిగింది ఒక పెద్దకు, పేరూ తేదీతో సహా, మెత్తగానే చెప్పాలి. చెప్పకుండా వెళ్లిపోతే తర్వాత వచ్చే అమ్మాయికీ అదే జరుగుతుంది. విని మాట దాటేశారంటే ఇంక ఆగొద్దు.

అరండల్‌పేట_నర్సు:

ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నాను. ఏలీయా ప్రవక్తను గమనించండి, మొదటి రాజులు 19. బదరీ చెట్టు కింద పడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు, దూత వచ్చి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. ఆ తర్వాతే ప్రయాణం, ఆ తర్వాతే మాట. ఒక్కడినే మిగిలాను అంటే ఇంకా ఏడు వేల మంది ఉన్నారని చెప్పి, పక్కకు ఎలీషాను ఇచ్చాడు. ఈ వరస తలకిందులు చేస్తే దెబ్బతింటారు. దిగులుగా ఉందని ఇరవై ఒక్క రోజుల ఉపవాసం పట్టేవాళ్లుంటారు. హాస్టల్ తిండి తింటూ, రాత్రి రెండింటిదాకా ఫోన్లో ప్రసంగాలు వింటూ, పైన ఉపవాసం కూడా అంటే మూడో రోజుకు దిగులు ఇంకా ముదురుతుంది. బీపీకో, షుగర్‌కో, నిద్రకో మాత్రలు వాడుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఉపవాసం మొదలుపెట్టకూడదు.

రెండు వారాలకు మించి రోజంతా దిగులు, నిద్ర చెడటం, తిండి సయించకపోవడం, పని మీద ధ్యాస లేకపోవడం ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి, జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. 14416 టెలీ మానస్, మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ నంబరు, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆ నిమిషమే చెయ్యాలి, పక్క మంచం అమ్మాయిని లేపాలి. దయ్యం పట్టిందనో, విశ్వాసం చాలలేదనో ఎవరైనా మాత్రలు మాన్పిస్తే వాళ్ల మాట వినకండి. నూనె సీసాకి, ప్రత్యేక ప్రార్థనకి డబ్బు అడిగేవాళ్లు, "మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడటం మానెయ్" అనేవాళ్లు సరిగ్గా ఒంటరివాళ్లనే వెతుక్కుంటారు.

కొత్తగా_బెజవాడ:

అందరికీ కృతజ్ఞతలు. చచ్చిపోవాలని లేదు నర్సు గారూ, కంగారుపడకండి, నిద్రే సరిగ్గా లేదు. 142 చదివాను. ఇంకో రెండు అడగాలి. ఇంట్లో ఫంక్షన్లకు పిలవకపోతే మనమే వెళ్లొచ్చా? అలాగే పాస్టర్ గారికి మెసేజ్ పెట్టాలంటే ఏమని పెట్టాలి? "ప్రార్థించండి" అని పెడితే బొటనవేలు బొమ్మ వచ్చింది.

బ్రాడీపేట_ఉపదేశి:

మొదటిదానికి, వెళ్లొచ్చు. పిలవకపోవడం ప్రతిసారీ వెలి కాదు. మన ఇళ్లలో ఆడవాళ్లను పిలవడమంటే బొట్టు పెట్టి పిలవడం. నువ్వు బొట్టు పెట్టుకోవు, పెడితే ఏమంటావో, పెట్టకుండా పిలిస్తే అవమానమేమో అని వాళ్లకు మొహమాటం. ఆ మొహమాటంలో పిలుపే ఆగిపోతుంది. నువ్వే ముందు ఫోన్ చెయ్యి. "పిన్నీ, బొట్టు సంగతి పెట్టుకోకు, నేనొస్తున్నాను, వంకాయలు నేనే తరుగుతా" అను. పూజ వేళ పక్కన నిలబడటం మనసొప్పకపోతే ఆ సమయానికి వంటింట్లో ఉండు, వాదించకు. తిండి విషయం మొదటి కొరింథీ పదో అధ్యాయంలో పౌలు తేల్చాడు: భోజనానికి పిలిస్తే పెట్టింది తిను, ఆరా తియ్యకు. ఇది ప్రసాదమని ప్రత్యేకంగా చెప్పి ఇస్తే అప్పుడు నెమ్మదిగా వద్దను. మొదటిసారి గంటసేపు ఉండి వచ్చెయ్, చాలు.

రెండోదానికి రెండో తిమోతి నాలుగో అధ్యాయం చూడు. పౌలు చెరలోంచి శిష్యుడు తిమోతికి రాస్తున్నాడు. దేమా వదిలి వెళ్లిపోయాడు, లూకా మాత్రమే ఉన్నాడు. నా మొదటి విచారణలో ఎవరూ నా పక్షాన నిలబడలేదు అంటాడు, ఆ వెంటనే ప్రభువు నా పక్కన నిలిచాడంటాడు. ప్రభువు నిలిచాడు కదా అని మనుషుల్ని వద్దనుకోలేదు. తిమోతీ, నువ్వు రా. మార్కును వెంటబెట్టుకుని రా. త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ తే, పుస్తకాలు తే. చలికాలం రాకముందే రా. ఎవరు, ఏంటి, ఎక్కణ్నుంచి, ఎప్పటిలోగా, అన్నీ ఉన్నాయి చూడు. మన గుంటూరు లూథరన్ సంఘాన్ని మొదలుపెట్టిన మిషనరీ హయ్యర్ అయ్యగారు కూడా భార్య పోయాక, 1842లో, ఒక్కడే వచ్చాడు. వచ్చాక అప్పటి కలెక్టర్ స్టోక్స్ ఆదరణ తీసుకున్నాడు, నాకు దేవుడు చాలని దులుపుకుపోలేదు.

"ప్రార్థించండి" అన్న మెసేజ్‌లో ఎవరు ఏం చెయ్యాలో లేదు, అందుకే బొటనవేలు వచ్చింది. ఇలా పెట్టు: "అయ్యగారూ, వందనాలు. నేను ఫలానా, మొదటి ఆరాధనకు వస్తున్నాను, పటమట హాస్టల్‌లో ఉంటాను, మా ఇంట్లో విశ్వాసిని నేనొక్కదాన్నే. ఈ ఊళ్లో నాకు తెలిసిన విశ్వాసులెవరూ లేరు. ఈ వారంలో ఒక పది నిమిషాలు మీతో, అమ్మగారితో మాట్లాడాలి."

కృష్ణలంక_అమ్మగారు:

ఉపదేశి గారూ, "ఈ వారంలో" అంటే ఏ రోజూ కాదు. ఆయనకు వారం నిండా పోయినవాళ్ల దినాలు, పెళ్లిళ్లు, ఆసుపత్రి దర్శనాలే. "ఆదివారం మొదటి ఆరాధన అయ్యాక ఆఫీసు గది దగ్గర ఉంటాను" అని రాయి తల్లీ. ఆయన భార్య, అమ్మగారి నంబరుకు కూడా అదే పంపు, జవాబు ముందు అక్కణ్నుంచే వస్తుంది. ఇంకోటి, మీ హాస్టల్‌లో ఆదివారం పొద్దున తెల్ల చున్నీ వేసుకుని తయారయ్యే అమ్మాయి ఇంకెవరైనా ఉన్నారేమో చూశావా? రెండో అంతస్తులో, మూడో అంతస్తులో? ఉంటే శనివారం రాత్రే వెళ్లి ఏ గుడికి వెళ్తున్నావని అడుగు. ఆటో ఖర్చు కూడా సగమవుతుంది.